ఇంకెంతసేపు వస్తది?

నేను చదివింది నాలుగో తరగతి, అదీ షోలాపూర్ మునిసిపాలిటీ తెలుగు బడిలో. రాతలో తప్పులుంటే మన్నించాలె. మన వాడలో ఇప్పుడు చానా ఇండ్లల్లో ఇన్వర్టర్లు ఉన్నయి. మిషన్ మీద ఊపిరి తీసుకునే పెద్దమనుషులు కూడా ఉన్నరు. బ్యాటరీ ఎంతసేపు వస్తదో సరిగ్గ లెక్క చూడక నా ఇంట్లో ఒక రాత్రి ఏమైందో చెప్తే, ఇంకో ఇంట్లో అట్ల కాకుండ ఉంటదని రాస్తున్న.

నా బతుకంతా లెక్కే. ముందు మిల్లులో, అది మూతపడ్డంక సాంచెల కారఖానాలో, మొత్తం 41 ఏండ్లు పనిచేసిన. ఒక్కణ్ని నాలుగు సాంచెలు చూసేది. నిమిషానికి 140 సార్లు నాడె అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోతది. కండె మీద నూలు నాలుగైదు నిమిషాలకు అయిపోతది. అయిపోయినంక చూస్తే బట్టలో పేక తప్పుతది, సేఠ్ కూలి కోస్తడు. అందుకని ఏ సాంచ మీద కండె ఎప్పుడు అయిపోతదో చెవులకే తెలిసేది. ఒక సాంచ దగ్గర కండె మార్చుకుంటనే రెండోదానికి ఇంకెంతసేపు ఉన్నదో మనసులో నడుస్తుండేది. 41 ఏండ్లు ఈ లెక్కలో నేను పెద్దగ తప్పు పోలేదు. తప్పు పోయింది ఇంట్లో.

నా భార్య బీడీలు చేసింది. పన్నెండేండ్ల పిల్లప్పుడు చాట పట్టుకుంటే కోడలొచ్చినంక దించింది. పొద్దున ఆకు తడుపుడు, కత్తిరించుడు, తంబాకు పోసి చుట్టుడు, దారం కట్టుడు. పిల్లలు చిన్నగున్నప్పుడు మిల్లు మూతపడితే ఆమె వెయ్యి బీడీల కూలి మీదనే మేము అన్నం తిన్నం. మూడేండ్ల కింద దగ్గు ముదిరి, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చుడు మొదలైంది. డాక్టరు చూసి ఊపిరితిత్తులు బాగ దెబ్బతిన్నయి, రాత్రిపూట ఆక్సిజన్ పెట్టాలె అన్నడు. గాలిలో నుంచే ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ ఉంటది గదా, కాన్సన్‌ట్రేటర్ అంటరు, అది కిరాయికి తెచ్చినం. నిమిషానికి రెండు లీటర్లు పెట్టుమన్నరు.

మిషన్ రాసిచ్చిన రోజే డాక్టరు ఇంకో మాట చెప్పిండు. "ఇది కరెంటు మీద నడుస్తది. లైటు పోతే ఆగుతది. ఒక చిన్న సిలిండరు ఇంట్లో నింపి పెట్టుకోండి" అని. సిలిండరుకు డిపాజిట్, నెలకు కిరాయి వేరే. నేను ఇంటికొచ్చి మా ఇన్వర్టర్ బ్యాటరీ దిక్కు చూసిన. నాలుగేండ్ల కింద కొన్నది, 150 ఏహెచ్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది. అమ్మిన దుకాణానికి పోయి అడిగిన. దుకాణమాయన కాలిక్యులేటర్ కొట్టి, "మామా, 12 వోల్టులు ఇంటూ 150 అంటే 1800. మీ మిషన్ 350 వాట్లు. అయిదు గంటలు ఢోకా లేదు" అన్నడు. అయిదు గంటలు లైటు పోవుడు ఈ మధ్య ఎక్కడున్నది? 2005 తర్వాత మన మహారాష్ట్రలో లోడ్‌షెడ్డింగ్‌తో సాంచెలు గంటలకు గంటలు ఆగిన రోజులు వేరే. ఇట్ల అనుకొని సిలిండరు వద్దన్న. కొడుకు తెద్దామన్నడు. వద్దన్నది నేనే. ఈ సంగతి ముందే చెప్తున్న, ఎందుకంటే తర్వాత దుకాణమాయన్ని తిట్టుకున్న గని, తప్పు సగం నాది.

పోయిన ఏడాది మిరుగు ముందర, ఎండలు పోయి గాలివానలు వచ్చే దినాలు. ఆ రోజు సాయంత్రమే రెండుసార్లు లైటు పోయి వచ్చింది. రాత్రి పదకొండు కాకముందే పెద్ద గాలి లేచింది. ఎక్కడనో చెట్టు విరిగి తీగెల మీద పడ్డదట, వాడంతా చీకటైంది. ఇన్వర్టర్ టక్కున అందుకున్నది, మిషన్ ఆగలేదు. ఫ్యాన్ తిరుగుతున్నది, బల్బు వెలుగుతున్నది. కొడుకు కారఖానాల నైట్‌పాళీ. అయిదు గంటలున్నయి గదా అని నేను మంచం మీద ఒరిగిన.

గంటా ఇరవై నిమిషాలకు ఇన్వర్టర్ కూత పెట్టింది. లేచి చూసేవరకు మిషన్ కూడా కూసి ఆగిపోయింది. ఇంట్లో ఒక్కసారి చప్పుడు లేకుంట అయింది. సాంచెలన్నీ ఒక్కసారి ఆగితే కారఖానాలో ఎట్లుంటదో అట్ల.

ఆమె లేచి కూసున్నది. ముక్కుకు నాళం ఉన్నది గని గాలి లేదు. "ఏమయ్యా, ఇంకెంతసేపు?" అన్నది. ఏమని చెప్పాలె? కోడలు సెల్లు వెలుగులో వేలుకు ఆక్సిమీటర్ పెట్టింది. మామూలుగ 91, 92 చూపేది, 86 చూపింది, ఇంకొంతసేపటికి 82. మనవడు వానలో ఉరికి అశోక్ చౌక్ దాకా పోయి ఆటో పట్టుకొచ్చిండు. దవాఖాన చేరేవరకు నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు ఆమె తల నా భుజం మీద ఉండె. ఆమె ఊపిరి ఒక్కొక్కటి లెక్కపెట్టిన. మూడు రోజులు ఉంచుకొని పంపిండ్రు. డాక్టరు, "సిలిండరు లేదా ఇంట్లో?" అని అడిగిండు. నేను తల వంచుకున్న.

ఇంటికొచ్చినంక మనవణ్ని కూసోబెట్టుకున్న. వాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ నేర్చుకుంటున్నడు. "అరే, అయిదు గంటలు అన్న బ్యాటరీ గంటా ఇరవై నిమిషాలకు ఎట్ల అయిపోయింది? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అన్న. వాడు చెప్పిన లెక్కను నా మాటల్లో రాస్త.

బ్యాటరీ మీద రాసే ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్. అది కండె మీద ఉన్న నూలు. మిషన్ లాగే ఆంపియర్లు నాడె వేగం. నూలును వేగంతో భాగిస్తే ఎంతసేపు వస్తదో తెలుస్తది. ఏ బ్యాటరీకైనా ఇదే మొదటి లెక్క.

చిన్నదానితో చూపెట్టిండు. ఆక్సిమీటర్‌లో రెండు సన్న సెల్లులు ఉంటయి. వాడు మీటర్ పెట్టి చూస్తే అది 28 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నది. మంచి ఆల్కలైన్ సన్న సెల్లులో సుమారు 1000 మిల్లీ ఆంపియర్ అవర్ ఉంటది. రెండు సెల్లులు వరుసగ పెడితే వోల్టులు కలుస్తయి గని నూలు కలవదు, వెయ్యే. 1000ని 28తో భాగిస్తే 35 గంటలు. మేము రోజుకు మూడుసార్లు, అయిదేసి నిమిషాలు పెడతం. అంటే రోజుకు పావుగంట. 35 గంటలకు 140 పావుగంటలు. "చూడు తాతా, నాలుగున్నర నెలలు రావాలె" అన్నడు. సెల్లుల మీద తారీఖు రాసిపెట్టినం. నాలుగు నెలలు దాటినంక అయిపోయినయి. లెక్క దగ్గర దగ్గరగ కుదిరింది. అగ్గువ సెల్లులు వేస్తే సగం కూడ రాలేదు.

"మరి చిన్నదానికి కుదిరిన లెక్క పెద్దదానికి ఎందుకు కుదరలేదురా?" అంటే, కోతలు ఎక్కువ తాతా అన్నడు. కోతలంటే నాకు తెలుసు. కూలి ఎంత రాసినా చేతికి వచ్చేది వేరే. ఇద్దరం పలక ముందర పెట్టుకొని ఒక్కొక్క కోత రాసినం.

దుకాణమాయన లెక్క: 1800ని 350తో భాగిస్తే 5 గంటల 8 నిమిషాలు. తప్పేం లేదు, గని అది కాగితం మీది కూలి.

మొదటి కోత ఇన్వర్టర్‌ది. బ్యాటరీలో ఉన్న 12 వోల్టులను ఇంటికి కావల్సిన 230 వోల్టులు చేస్తది, ఆ పనికి తన కూలి తీసుకుంటది. నూరు తీసుకుంటే ఎనభై ఇస్తదనుకోవాలె. మిగిలింది వేడి. 5 గంటలు 4 గంటలైంది.

రెండో కోత తొందరది. బ్యాటరీ మీద 150 పక్కన సన్నగ సీ20 అని రాసి ఉంటది. నేను ఏనాడూ చూడలేదు. దాని అర్థం, 20 గంటల్లో మెల్లగ తీసుకుంటేనే 150 ఇస్తది అని. అంటే ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటే. మా మిషన్‌కు ఇన్వర్టర్ కూలి కలిపితే బ్యాటరీ నుంచి 36 ఆంపియర్లు లాగుతున్నది. అంత తొందరగ లాగితే నూట పది దగ్గరనే చేతులెత్తుతది. ముసలోణ్ని మెల్లగ నడువుమంటే అక్కల్‌కోట రోడ్డు దాకా పోతడు, ఉరుకుమంటే చౌరస్తా కూడా దాటడు. 4 గంటలు 3 గంటలైంది.

మూడో కోత వయసుది. నాలుగేండ్ల బ్యాటరీ. మనవడు మూతలు తీసి చూస్తే రెండు అరల్లో నీళ్లు తగ్గి లోపలి పలకలు కనపడ్డయి. ఆ నీళ్లు, అంటే డిస్టిల్డ్ వాటర్, చూసే పని నాదే. నేనే మరిచిపోయిన. అటువంటి బ్యాటరీలో సగం మీద కొంత మాత్రమే మిగిలి ఉంటదన్నడు. 3 గంటలు రెండు గంటల లోపలికి వచ్చింది.

నాలుగో కోత ఫ్యాను, బల్బు. 350 అనుకున్న గని, రాత్రి ఫ్యానుకు 70, బల్బుకు 10, మొత్తం 430 వాట్లు. ఇంకో ఇరవై నిమిషాలు పోయింది. ఆఖరు కోత, సాయంత్రం రెండుసార్లు లైటు పోయింది గదా, బ్యాటరీ మళ్ల నిండనే లేదు. కలిపి చూస్తే గంటా ఇరవై నిమిషాలే.

పలక మీద ఆ అంకె చూసి నేను చానాసేపు మాట్లాడలేదు. అది ముందే చేయగలిగిన లెక్క. ఎక్కాలొచ్చినోడు ఎవ్వడైనా చేస్తడు. కండె చేతిలోకి తీసుకొని చూడకుండ సాంచ మీద ఎక్కించినోణ్ని నేను ఏనాడూ మంచి నేతగాడు అనలేదు. మరి నా భార్య ఊపిరికి నేను డబ్బా మీద రాసిన అంకె చూసి ఒప్పుకున్న.

ఇగ కొత్త బ్యాటరీ తెచ్చినం, అదీ 150దే. కొడుకు బోనస్ పైసలు దానికే పోయినయి. ఈసారి రాసిన అంకెను నమ్మలేదు, లెక్కను కూడా నమ్మలేదు. పరీక్ష పెట్టినం. ఇది అందరూ చేయవలసింది, అందుకే వివరంగ రాస్తున్న.

ఒక ఆదివారం, పగటి పూట, ఆమె మంచిగున్నప్పుడు, ఆమెకు మిషన్ అవసరం లేని సమయంలో, మధ్యాహ్నం రెండు గంటలకు మెయిన్ ఆపినం. మిషన్ ఒక్కటే ఇన్వర్టర్ మీద నడిపినం. ఫ్యాన్ బంద్. మనవడు అరగంటకోసారి బ్యాటరీ వోల్టులు చూసి చెప్తే నేను సుద్దముక్కతో గోడ మీద రాసిన. మొదలు 12.3, గంటకు 11.9, రెండు గంటలకు 11.5. తర్వాత గబగబ పడుడు మొదలైంది. 2 గంటల 50 నిమిషాలకు కూత పెట్టింది. వెంటనే మెయిన్ వేసినం. బ్యాటరీ మెల్లగ మెల్లగ దిగి ఆఖరుకు ఒక్కసారి కూలబడతదని అప్పుడు చూసిన. అందుకని సగం దాకా బాగనే ఉన్నది గదా, ఇంకా చానాసేపు వస్తది అనుకోవద్దు.

ఇంకో సంగతి పరీక్షలో తెలిసింది. మిషన్‌ను రెండు లీటర్ల మీద పెట్టినా అయిదు మీద పెట్టినా కరెంటు పెద్దగ మారలేదు. లోపల కంప్రెసర్ ఎట్లనైనా తిరగాలె గదా. తక్కువ మీద పెట్టినం, ఎక్కువసేపు వస్తది అనుకుంటే మోసమే.

2 గంటల 50 నిమిషాలు వచ్చింది గని గోడ మీద 2 గంటలు అనే రాసిన. మిగిలింది ఏడాదికేడాది తగ్గే వయసుకు, నిండని రోజులకు వదిలిపెట్టిన. పరీక్ష ఊరికూరికే పెట్టొద్దు, అంత కిందికి దింపితే బ్యాటరీ తొందరగ చెడుతది. ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి చాలు. నీళ్లు మాత్రం నెలనెలా చూస్తున్న. అందులో ఉన్నది తేజాబు, చేతులకు, కండ్లకు మంచిది గాదు. తెలియనోళ్లు ముట్టొద్దు.

సిలిండరు కూడా తెచ్చినం. దానికీ అదే లెక్క. చిన్నది, బీ టైపు అంటరు, నిండితే సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ పడుతది. నిమిషానికి రెండు లీటర్లు అంటే 750 నిమిషాలు, పన్నెండున్నర గంటలు. గోడ మీద 10 అని రాసిన. దాని దగ్గర పొయ్యి, దీపం, ఊదుబత్తి, బీడీ ఏవీ ఉండొద్దు. దేవుని గూడు ఇంకో అర్రలోకి మార్చినం. అయిదు గంటలు అనుకున్నప్పుడు వద్దన్న సిలిండరు కిరాయి, మూడు రోజుల దవాఖాన ఖర్చు ముందర ఎంత చిన్నదో మీరే అనుకోండి.

మనవడు ఇంకొకటి చేసిండు. లైటు పోతే కూత పెట్టే చిన్న సర్క్యూట్. చార్జర్ మీద ఒక రిలే, 9 వోల్టుల చిన్న బ్యాటరీ, ఒక బజర్. లైటు ఉన్నంతసేపు ఆ బ్యాటరీ నుంచి ఏమీ పోదు. పోయినప్పుడే బజర్ 20 మిల్లీ ఆంపియర్లు లాగుతది. బ్యాటరీలో 500 ఉన్నదనుకుంటే 25 గంటలు కూయగలదు. మేము లేచి నిమిషంలో ఆపుతం. అంటే అది వాడకంతో అయిపోదు, ఊరికె ఉండి పాతబడి చెడుతది. అందుకని ఏడాదికొకసారి మార్చాలె అన్నడు. ఒక బ్యాటరీ గంటల్లో, ఒకటి నెలల్లో, ఒకటి ఏండ్లల్లో అయిపోతది. ఎంత ఉన్నది, ఎంత లాగుతున్నది, రోజుకు ఎంతసేపు లాగుతున్నది, మూడింటికీ ఈ మూడు ప్రశ్నలే.

ఈ ఏడాది ఆషాఢంలో మా వాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. రాత్రి ఒంటిగంటకు బజర్ కూసింది. లేచి ముందు గడియారం చూసి పలక మీద సమయం రాసిన. ఫ్యాన్ బంద్ చేసిన. కోడలు విసనకర్ర పట్టుకున్నది. గంట దాటినంక సిలిండరు మంచం పక్కకు జరిపిన. గంటన్నరకు, బ్యాటరీ ఇంకా నడుస్తుండంగనే, నాళం దానికి మార్చినం. ఆక్సిమీటర్ 92 మీదనే ఉన్నది. లైటు ఏడు గంటలకు వచ్చింది.

నాళం మార్చేటప్పుడు ఆమె అడిగింది, ఆ రాత్రి అడిగినట్టే. "ఏమయ్యా, ఇంకెంతసేపు వస్తది?"

"బ్యాటరీలో ఇంకో అరగంట ఉన్నది, అది దాచిపెట్టిన. సిలిండరు పది గంటలు. అది అయిపోకముందే ఆటో."

"ఆటో దొరకకపోతే?"

"నేను మోసుకపోత."

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గొస్తది, దగ్గింది. "ముసలోడివి, నువ్వెంతసేపు వస్తవో ముందు ఆ లెక్క చూడు" అన్నది.

ఆ లెక్క నాకు రాదు. డాక్టరు కూడా చెప్పలేడు. వచ్చే లెక్కనన్న తప్పకుండ చేయాలె గదా.

ఈ సంగతి విని మా గల్లీలో ఏడు ఇండ్లోళ్లు మనవణ్ని పిలిచి బ్యాటరీలు చూపించుకున్నరు. రెండిండ్లల్లో అరగంట కూడ రాలేదు. అందులో ఒక ఇంట్లో మా వదిన వరుస ఆమె రోజూ మిషన్ మీదనే ఉంటది. వాళ్లు పోయిన వారమే సిలిండరు తెచ్చుకున్నరు.

మీ ఇంట్లో కూడా ఇటువంటి మిషన్ ఉంటే వచ్చే ఆదివారం పగటిపూట ఒక్కసారి మెయిన్ ఆపి చూడండి. గడియారం, సుద్దముక్క చాలు. ఎంత వచ్చిందో గోడ మీద రాయండి. వచ్చినంతా కాకుండ కొంత తగ్గించి రాయండి.